తిప్పని బొమ్మ

"తిప్పెయ్," అన్నాడు సీనియరు తెర వంక ఒక్కసారి చూసి. తలుపు వేసెయ్ అన్నంత తేలిగ్గా అన్నాడు.

ఆ అమ్మాయి తిప్పలేదు. మౌసు మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

అది కిటికీలు లేని చిన్న గది. మైక్రోస్కోపు, దాని పక్కన కంప్యూటరు, రెండు కుర్చీలు పట్టేసరికి గది నిండిపోయింది. తెర మీద నల్లటి గుండ్రటి బొమ్మ ఉంది. దాని ఎడమ అంచున నెలవంకలా సన్నటి వెలుగు. మిగతా అంతా చీకటే. ఆ వెలుగు కుడి అంచున ఉండాల్సింది.

పాత ఇళ్ళ కప్పుల మీద టీవీ యాంటెన్నాలు ఉండేవి కదా, వెనక ఒక పొడుగు కడ్డీ, ముందు వరసగా పొట్టి కడ్డీలు. ఈ ల్యాబులో చేసేవీ అలాంటివే. కాకపోతే బంగారంతో చేస్తారు, అదీ వెంట్రుక మందంలో వెయ్యి కడ్డీలు పక్కపక్కన పట్టేంత సన్నగా. గాజుపలక మీద వాటిని నిలబెట్టి వెలుగు పడనిస్తే, నాలుగు వైపులకూ చెదిరిపోవాల్సిన వెలుగు బుద్ధిగా ఒకే వైపుకు పోతుంది. వెనక నుంచి పొడుగుది తోస్తుంది, ముందు నుంచి పొట్టివి లాగుతాయి. కాబట్టి వెలుగు పొట్టివాటి వైపే, అంటే తెర మీద కుడికే, పోవాలి. పుస్తకాల్లో అలాగే ఉంది. సారు అలాగే చెప్తారు. గోడ మీద అంటించిన బొమ్మలన్నీ అలాగే ఉన్నాయి. ఈ అమ్మాయి చేసిన కడ్డీలు మాత్రం వెలుగును వెనక్కి తోశాయి.

"పలక తిరగబడలేదన్నా," అంది.

"ఏంటీ? కాస్త పైకి చెప్పు గుసగుసా. నీ మాట నీ చెవికైనా వినిపిస్తుందా?"

గుసగుస అనేది ల్యాబులో ఆమెకు పెట్టిన పేరు. చేరిన వారానికే పెట్టారు. ఆమె గొంతు అంతకంటే పైకి లేవదు. అందరూ అలాగే పిలిచి పిలిచి అసలు పేరు హాజరుపట్టీకి మాత్రమే మిగిలింది.

"తిరగబడలేదు. మూల మీద గీత ఉంది, చూడండి."

గాజుపలకకు రెండు ముఖాలు. కడ్డీలు ఏ ముఖాన ఉన్నాయో కంటికి తెలియదు. మైక్రోస్కోపు కింద నూనెచుక్క మీద బోర్లించాల్సిన పలకను వెల్లకిలా పెడితే కుడి ఎడమైపోతుంది. పలక మీద కలంతో రాసుకున్న గుర్తు నూనెకు తుడిచిపెట్టుకు పోతుంది. అందుకని ల్యాబులో ఒక అలవాటు పాతుకుపోయింది. వెలుగు తప్పుడు వైపు కనిపిస్తే పలక తిరగబడినట్టు లెక్క. మళ్ళీ తీసి, నూనె తుడిచి, పెట్టే ఓపిక ఎవరికి? కంప్యూటరులో ఒక మీట నొక్కితే బొమ్మే తిరుగుతుంది. గుసగుసకు ఆ అలవాటు పడలేదు. గుంపులో విడిచిన చెప్పులకు గుర్తు పెట్టుకున్నట్టు, కడ్డీలున్న ముఖాన ఒక మూల వజ్రపు ములుకుతో సన్నగా గీత గీసుకునేది.

"తనిఖీవాళ్ళు ఎల్లుండి వస్తున్నారు," అన్నాడు సీనియరు. "సాయంత్రానికి వాళ్ళకి చూపించే పోస్టరు అచ్చుకి పోవాలి. గోడంతా కుడి, నువ్వొక్కదానివీ ఎడమ. ఈ ల్యాబులో వాళ్ళకి కుడి ఎడమలు కూడా తెలియవనుకుంటారు."

"ఎడమకే పోతే నేనేం చెయ్యను?"

"చెప్తున్నాగా, తిప్పెయ్. నేనెన్ని తిప్పలేదు."

అతనే వంగి మీట నొక్కాడు. వెలుగు ఎడమ నుంచి కుడికి గెంతింది. "చూశావా, ఒక్క నొక్కు. నీకూ పీడ పోయింది, నాకూ పోయింది."

గుసగుస చెయ్యి చాపి అదే మీట నొక్కింది. వెలుగు మళ్ళీ ఎడమకు వచ్చింది. సీనియరు నవ్వుతూ నొక్కాడు. ఆమె నవ్వకుండా నొక్కింది. మూడోసారికి అతని నవ్వు కూడా పోయింది.

"సారుతో చెప్పుకో," అని లేచాడు.

సారు చెడ్డమనిషి కాదు, ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి. ఆయన గదిలో కుర్చీ ఉన్నా ఎవరూ కూర్చోరు, కూర్చునేలోపే మాట అయిపోతుంది. ఆయన ఫోనులోంచి తలెత్తకుండా విన్నారు.

"వెలుగు వెనక్కి పోదమ్మా."

"పోయింది సార్."

"పలక తిరగబడి ఉంటుంది."

"గీత సరిగ్గానే ఉంది సార్."

"అయితే గీతే తప్పు ముఖాన గీసి ఉంటావు."

గీత గీసినప్పుడు పక్కన ఎవరూ లేరు. సారు అప్పుడు తలెత్తి చూశారు, జాలిగానే.

"ఏటికి ఎదురీదడం మంచిదే. ముందు ఈత రావాలిగా. మొదటి పోస్టరు, బొమ్మ కింద నీ పేరుంటుంది. సంతోషించు."

"తిప్పిన బొమ్మ కింద నా పేరొద్దు సార్."

ఆమె ఎంత మెల్లగా అందో సారుకు అంత స్పష్టంగానూ వినిపించింది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టారు.

"వచ్చే నెల నీ ఏడాది పరీక్ష. నిన్ను ల్యాబులో ఉంచాలో పంపాలో సంతకం పెట్టాల్సింది నేను. తెలుసుగా? పేరుంటుంది, బొమ్మ అందరిలాగే ఉంటుంది. ఈ రెండు రోజులూ మైక్రోస్కోపు సీనియరుకి వదిలెయ్. నువ్వు హాల్లో కుర్చీల సంగతి చూడు."

*

"రెండేళ్ళు కళ్ళు పోగొట్టుకుని చదివింది కుర్చీలు సర్దడానికా?" అంది అక్క.

అక్క సిటీ బస్సు నడుపుతుంది. ఆ పూట డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు పీటెక్కించి కూర్చుంది. బావకు వీధి మొదట్లో సెలూను ఉంది. అతను కత్తెరలకు నూనె రాస్తూ అంతా విని, పెద్దమనిషి తీర్పు చెప్పబోతున్నట్టు గొంతు సవరించుకున్నాడు.

"చూడు మరదలా. మా కొట్లో గిరాకీ అద్దంలో చూసుకుని, ఎడమపక్క ఎక్కువుంది, తీసెయ్ అంటాడు. అద్దంలో ఎడమో, మనిషికి ఎడమో వాడికే తెలియదు. నేను వాదనకు దిగుతానా? సరేనండీ అని ఎడమపక్క కత్తెర ఊరికే టకటకలాడిస్తా, కుడిపక్క తీస్తా. వాడికీ సంతోషం, జుట్టూ సమానం. పెద్దవాళ్ళతో అలా నెగ్గుకు రావాలి."

"జుట్టయితే మళ్ళీ మొలుస్తుంది," అంది అక్క. "ఎన్నిసార్లు తప్పు కత్తిరించినా నీకు చెల్లుతుంది."

"నీ చెల్లెలి సీటు పోతే మొలుస్తుందా మరి?"

అక్క చెల్లెలి వైపు తిరిగింది. "ఒకటి అడుగుతా, ఉన్నది చెప్పు. నీకు నిజంగా తెలుసా, లేక రోషమా?"

గుసగుస గోడకు ఆనుకుని, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుంది. తాను గీత గీసింది తప్పు ముఖాన కాదని ప్రమాణం చెయ్యగలదు. కానీ ప్రమాణాలతో వెలుగు అటూ ఇటూ తిరగదు. వెలుగు వెనక్కి ఎందుకు పోయిందో ఆమెకూ తెలియదు.

"ఇంకా తెలియదక్కా."

"అయితే తెలుసుకో. బండి గేరులో పడకుండా హారను ఎంత కొడితే ఏం లాభం? తెలిశాక మాత్రం ఎవడు అడ్డమొచ్చినా ఆపకు."

"ఇదిగో, ఇలా ఎగదోసే నువ్వు..." అని బావ ఏదో అనబోతే అక్క అతని చేతిలో ఇంకో కత్తెర పెట్టింది.

*

మర్నాడు గుసగుస కుర్చీలు సర్దింది. వరసకూ వరసకూ మధ్య కాలు చాపుకునే చోటు వదిలింది. పని తక్కువ చేసిందన్న మాట రాకూడదని దుమ్ము కూడా తుడిచింది. మధ్యాహ్నం సీనియరు భోజనానికి పోవడం హాలు కిటికీలోంచి చూసి, గుడ్డ అక్కడే పడేసి మైక్రోస్కోపు గదికి వెళ్ళింది.

పలకను పట్టకారుతో అంచు పట్టుకుని దీపం కింద వాల్చి చూసింది. గీత ఉంది. గోరు కొసతో తడిమితే తగిలింది. నూనెచుక్క వేసి, గీత ఉన్న ముఖం కిందికి బోర్లించింది. ఊపిరి బిగబట్టి మెల్లగా మర తిప్పుతూ కడ్డీలు కనిపించేదాకా పలకను దించింది. తెర వెలిగింది.

వెలుగు కుడి అంచున ఉంది.

మొదట ఎవరో బొమ్మ తిప్పే మీట నొక్కి వదిలేశారనుకుంది. చూసింది, ఎవరూ నొక్కలేదు. పలక తీసి గీత చూసింది, ఉన్న చోటే ఉంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ కుడే. నిన్న పలక తిరగబడిందనేగా దీని అర్థం. సారు నిజమే చెప్పారు. సీనియరు నిజమే చెప్పాడు. తాను ఒక్కతీ నిలబడి తగువు వేసుకుంది ఏమీ లేని దానికి. ఇప్పుడు లేచి వెళ్ళి, తప్పయింది సార్ అంటే ఆయన కోప్పడను కూడా కోప్పడరు. ఆ జాలిచూపే చూస్తారు. ఆ చూపు తలుచుకునేసరికి కాళ్ళు లేవలేదు.

లేవలేక కూర్చుంది కనుక ఎదురుగా ఉన్నదాన్ని చూస్తూ ఉండిపోయింది. దీపానికీ పలకకూ మధ్య, ఒక్క రంగు వెలుగునే పోనిచ్చే గాజుబిళ్ళను, అదే ఫిల్టరును, పెట్టే అర ఉంది. అందులో సీనియరు వదిలి వెళ్ళిన ఫిల్టరు ఉంది, ముదురు ఎరుపుది. ల్యాబులో అందరూ వాడేది అదే. నిన్న అది సీనియరు దగ్గర ఉండిపోతే, ఆమె సొరుగులో దొరికిన లేత ఎరుపుతో సరిపెట్టుకుంది. ఎరుపు ఎరుపే కదా అనుకుంది.

పలకను ముట్టుకోలేదు. కుర్చీ కూడా జరపలేదు. ముదురు ఎరుపు తీసి లేత ఎరుపు పెట్టింది.

వెలుగు ఎడమకు వచ్చింది.

లేతది తీసి ముదురుది పెట్టింది. కుడి. ముదురుది తీసి లేతది పెట్టింది. ఎడమ. పలక తిరగబడితే రెండు రంగులకూ తిరగబడాలి. ఒక రంగుకు బోర్లా, ఇంకో రంగుకు వెల్లకిలా పడుకునే గాజుపలక ఎక్కడా ఉండదు. వెలుగే తిరుగుతోంది. లేత ఎరుపు తరంగం పొట్టిది. దాని ముందు పొట్టి కడ్డీలు కూడా పొడుగువే అవుతాయి. ఊయల ఊపేవాళ్ళు ఇద్దరుంటే, ఒకరి అదను మారగానే ఊయల ఇంకోవైపు లేచినట్టు, కడ్డీల అదను మారి వెలుగు వెనక్కి మళ్ళింది. ఒకే బంగారం, ఒకే పలక. రంగు మారిస్తే దిక్కు మారుతుంది.

గుసగుసకు నవ్వొచ్చింది. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నీకు కుర్చీల పని చెప్పారు కదా," అన్నాడు సీనియరు గుమ్మంలోంచి. పంటి సందున పుల్ల పెట్టుకున్నాడు.

ఆమె ఫిల్టరు మార్చింది. మళ్ళీ మార్చింది. సీనియరు నోట్లో పుల్ల ఆగిపోయింది.

"పలక ముట్టుకున్నావా?"

"లేదు."

"ఏ రంగది?"

"లేత ఎరుపు."

"సొరుగులో ఉండే పాతదా?"

"అదే అన్నా."

అతను పుల్ల తీసి జేబులో పెట్టుకున్నాడు. పారేయాల్సిన పుల్లని జేబులో పెట్టుకోవడం చూసి ఆమెకు వింతగా అనిపించింది. అతను తెరతోనే మాట్లాడుతున్నట్టు అన్నాడు. "ఇప్పుడేం చెప్పకు ఎవరికీ. పోస్టరు అచ్చయి వచ్చేసింది." ఆపైన అక్కడ నిలబడలేదు.

ఆమె సారుకు చెప్పింది. తనిఖీవాళ్ళను తీసుకురావడానికి పోతున్న ఆయన వెంట మెట్లు దిగుతూ, కారు దాకా నడుస్తూ చెప్పింది. ఆయన సగం విన్నారు.

"రేపయ్యాక చూద్దాం. రేపు మాత్రం పోస్టరు పక్కన నవ్వుతూ నిలబడు, చాలు."

"తిప్పిన బొమ్మ పక్కన నవ్వలేను సార్."

కారు తలుపు పడింది.

*

పోస్టరు నిలువెత్తు ఉంది. నట్టనడుమ ఆమె బొమ్మ, కుడి అంచున వెలుగుతో. కింద ఆమె అసలు పేరు. అంత పెద్ద అక్షరాల్లో తన పేరును ఆమె ఎప్పుడూ చూడలేదు. చూడగానే దాన్ని చేత్తో మూసెయ్యాలనిపించింది.

తనిఖీవాళ్ళు మొదటి జట్టుగా ఐదారుగురు వచ్చారు. వాళ్ళలో చేతికర్ర పట్టుకున్న పెద్దావిడ ఒకరు. ఆవిడ కర్ర ఎక్కడ ఆగితే అందరూ అక్కడ ఆగుతున్నారు. కర్ర ఈ పోస్టరు ముందు ఆగింది. సారు హుషారుగా అందుకున్నారు. "ఇది మా కొత్త అమ్మాయి చేసింది. చూడండి, కడ్డీలు ఎంత సమంగా వచ్చాయో. వెలుగంతా చక్కగా కుడివైపుకి..."

"పోలేదండీ," అంది గుసగుస.

ఎవరికీ వినిపించలేదు. సారు చెప్పుకుపోతున్నారు. ఆమె పోస్టరు పక్కనుంచి కదిలి దాని ముందుకు వచ్చి నిలబడింది. సారు మాట ఆగింది.

"పోలేదండీ. వెలుగు ఇటు పోయింది," అని ఎడమ అంచు మీద వేలు పెట్టింది. "బొమ్మ తిప్పేశారు."

"కొత్తపిల్ల, కంగారు పడుతోంది," అని సారు నవ్వారు. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగింది.

"కంగారేం లేదు సార్. భయమైతే ఉంది."

పెద్దావిడ కర్ర మీద రెండు చేతులూ ఆన్చి వంగి బొమ్మ చూసింది. "పలక తిరగబడి ఉంటుంది తల్లీ. మా రోజుల్లో మేమూ తిప్పేవాళ్ళం."

"అందరూ అదే అన్నారండీ. రెండు రంగుల్లో ఒక్కదానికే ఎందుకు తిరగబడుతుంది? మీరొచ్చి చూడండి. పది అడుగులే."

సారు ఏదో అనేలోపు కర్ర కదిలింది.

చిన్న గదిలో అందరూ పట్టలేదు. పెద్దావిడ కుర్చీలో కూర్చుంది. సారు ఆవిడ వెనక నిలబడ్డారు. మిగతావాళ్ళు గుమ్మంలోంచి తలలు చాపారు. గుసగుస పలక బోర్లించి, గీత చూపించి, రెండు ఫిల్టర్లూ ఆవిడ ముందు పెట్టి గోడ దాకా వెనక్కి జరిగింది. చేతులు రెండూ వీపు వెనక కట్టుకుంది.

"మీరే మార్చండి. నేను దేన్నీ తాకను."

పెద్దావిడ ముదురు ఎరుపు పెట్టింది. కుడి. లేత ఎరుపు పెట్టింది. ఎడమ. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసింది, కొత్తగా లైటు మీట దొరికిన పసిపిల్లలా. వెలుగు ఈ అంచు నుంచి ఆ అంచుకు, ఆ అంచు నుంచి ఈ అంచుకు పోతూ వస్తూ ఉంది. గుమ్మంలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"మీరూ చూడండి," అని ఆవిడ ఫిల్టరును సారు చేతికిచ్చింది.

సారు పెట్టారు. చూశారు. ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి ఆ రోజు ఆ చీకటి గదిలో చాలాసేపు నిలబడ్డారు. తెర వెలుగు ఆయన ముఖం మీద పడుతోంది. చివరికి "ఊఁ" అన్నారు.

బయటికి వచ్చాక, తనిఖీవాళ్ళు ముందుకు నడిచేదాకా ఆగి, ఆయన గొంతు తగ్గించారు. "బాగుందమ్మా. చాలా బాగుంది. దీన్ని పద్ధతిగా రాద్దాం. ముందు ఆ పోస్టరు తీయించి పక్కగదిలో పెట్టించు. రెండో జట్టు వచ్చేలోపు."

"తీయొద్దు సార్."

"ఏం? నీ మాటే నెగ్గిందిగా."

"తీసేస్తే అసలు తిప్పలేదన్నట్టే ఉంటుంది. అలాగే ఉండనివ్వండి. పక్కన తిప్పనిది నేను పెడతాను."

"ల్యాబు పరువు ఆలోచించవా? సంతకం ఇంకా నా చేతిలోనే ఉంది, మర్చిపోకు."

"మర్చిపోలేదు సార్. సంతకం మీ చేతిలో ఉండనివ్వండి, పోస్టరు గోడ మీద ఉండనివ్వండి."

ఆమె గొంతు ఎప్పటిలాగే ఉంది, పైకి లేవలేదు. కానీ పోస్టరుకు వీపు ఆనించి నిలబడింది. తియ్యాలంటే ముందు ఆమెను పక్కకు జరపాలి.

సారు ఆమెను జరపడానికి సీనియరు కోసం చూశారు. సీనియరు అప్పుడే మైక్రోస్కోపు గదిలోంచి వస్తున్నాడు. చేతిలో రెండు కాగితాలున్నాయి, ఇంకా అచ్చు వేడి ఆరినట్టు లేదు. ఒకటి గుసగుస తీసిన బొమ్మ, తిప్పనిది. రెండోది ఆమె ఎప్పుడూ చూడని బొమ్మ. కడ్డీలు ఆమెవి కావు. వెలుగు మాత్రం ఎడమ అంచునే ఉంది.

"ఇదెవరిది?" అన్నారు సారు.

"నాదే సార్." సీనియరు ఆయన వైపు కాక నేల వైపు చూశాడు. "పోయినేడు తీసింది. లేత ఎరుపులో. మీకు చూపించింది దీన్ని తిప్పాక."

సారు ఆ కాగితం అందుకుని చూశారు. ఎంతసేపు చూసినా అందులో వెలుగు ఎడమ అంచునే ఉంది. ఏడాదిగా తమ కంప్యూటరులోనే పడి ఉన్న దాన్ని తామే మూసి పెట్టుకున్నారు. ఆయన కాగితం తిరిగి ఇచ్చేశారు. తియ్యమనీ అనలేదు, పెట్టమనీ అనలేదు.

సీనియరు కాగితం ఒక అంచు పట్టుకున్నాడు. గుసగుస రెండో అంచు పట్టుకుని పిన్నులు గుచ్చింది. పోస్టరుకు ఒక పక్క ఆమె బొమ్మ, ఒక పక్క అతని బొమ్మ. నడుమ తిప్పిన బొమ్మ.

హాలు తలుపు తెరుచుకుని రెండో జట్టు లోపలికి వచ్చింది. నేరుగా వాళ్ళ దగ్గరికే వచ్చారు, గోడ మీద మూడు బొమ్మలు ఒకదానికొకటి పొసగకుండా కనబడుతున్నాయి మరి. సారు అలవాటుగా ఒక అడుగు ముందుకు వేసి నోరు తెరిచారు.

"ముందు మధ్యలో ఉన్నది చూడండి," అంది ఆమె. "దాని కింద ఉన్నది నా పేరే. ఆ బొమ్మ తప్పు. ఎలా తప్పో చెప్తాను, దగ్గరికి రండి."

సారు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నారు. వచ్చినవాళ్ళు దగ్గరికి జరిగారు.